రెండు దారాల ఉంగరం

మణిశిలా రాజ్యంలో కిరీటం లేదు. ఆ దేశపు రాజులెవరూ తలమీద బంగారం మోయలేదు, మోసే పొరుగు రాజుల్ని చూసి నవ్వుకున్నారు కూడా. వాళ్లకు ఉంగరమే కిరీటం, ఉంగరమే సింహాసనం. దాని నడుమ చింతగింజంత తెల్లని వజ్రం, పేరు శుక్రతార. ప్రభువు కన్నుమూస్తే పాత బంగారాన్ని కరిగించి, వజ్రాన్ని విడదీసి, వారసుడి వేలికి సరిపడే కొత్త ఉంగరంలో పొదుగుతారు. పట్టాభిషేకం నాడు నడిమధ్యాహ్నం గంట మోగగానే ఏడు కోటల నాయకులూ మోకరిల్లి ప్రమాణం చేస్తారు: "ఈ ఉంగరం ఎవరి వేలిన నిలుస్తుందో వారి మాటే మా ప్రాణం." అది ఉత్తుత్తి ప్రమాణం కాదు. తప్పినవాళ్లు తొమ్మిదిమంది నిలువెత్తు నల్లరాళ్లై కోటవాకిట్లో ఇప్పటికీ నిలబడి ఉన్నారు. ఒకడి నోరు కేకవేస్తున్నట్టు తెరుచుకునే ఉండిపోయింది. ఆ నోట్లో పిచ్చుకలు గూడు కట్టుకున్నాయి.

ఆ ఉంగరం చేసే హక్కు సింగోజువారి ఇంటిది. ఆ ఇంట్లో మెడకు హారం చెయ్యరు, చెవికి కమ్మ చెయ్యరు, వడ్డాణం కావాలంటే పక్కవీధి చూపిస్తారు. చేసేవి ఉంగరాలే. ఒకదానిమీద రెండు నెమళ్లు ముక్కులు ఆనించి నడుమ వజ్రాన్ని నిలబెడతాయి. ఇంకొకదానిమీద బంగారు మల్లెతీగ వేలిని మూడు చుట్లు చుట్టి, కొసన మొగ్గకు బదులు రవ్వను పూస్తుంది. వెంట్రుకంత సన్నని తీగతో అల్లిన పెళ్లి ఉంగరాలున్నాయి, సింహం నోట కెంపు పట్టిన సేనాపతుల ఉంగరాలున్నాయి. మధ్యాహ్నం పైకప్పు గవాక్షంలోంచి ఎండ దిగితే గోడలనిండా రంగుల ముక్కలు పరుగులు పెట్టేవి. ఆ గదిలో గట్టిగా తుమ్మడానికి కూడా జనం జంకేవారు, వజ్రపు పొడి ఎక్కడ ఎగిరిపోతుందోనని.

ఆ ఇంటికి ఒక ఆచారం ఉంది. ఒక్క కొలతతో ఎవరికీ ఉంగరం చెయ్యరు. పొద్దున చలిపూట వేలిచుట్టూ ఒక దారం చుట్టి కొలుస్తారు, నడిమధ్యాహ్నం ఇంకొక దారం. బతికున్న వేలు పొద్దున సన్నబడుతుంది, ఎండపూట ఉబ్బుతుంది. పొద్దుటి కొలతకు చేసిన ఉంగరం మధ్యాహ్నం కొరుకుతుంది, మధ్యాహ్నపు కొలతకు చేసింది పొద్దున జారిపోతుంది. ఆ రెంటి నడుమ గీత పట్టుకోవడమే వాళ్ల విద్య. తీసిన దారాలు పారెయ్యరు. పేరు రాసిన తాటాకు కట్టి టేకుపెట్టెలో దాస్తారు.

ఇంటి పెద్ద పెద్దోజుకు డెబ్భై ఏళ్లు, కళ్లు రెండూ పోయాయి. అయినా వేళ్లతో తడిమి మేలిమి ఎంతో చెప్పగలడు. ఆయన కొడుకు వీరోజు రాళ్లు పొదగడంలో తండ్రిని మించినవాడు, నోటి దురుసులోనూ మించినవాడే.

ఇక కీడు ఎలా వచ్చిందో చెప్పాలి. మూడు నెలల కిందట రాజు పోయాడు. ఉన్నది ఒక్కతే కూతురు, ఇందుప్రభ. ఆ పిల్ల దుఃఖంతో మంచం పట్టిన వారంలోనే కాలజంఘుడనే వైద్యుడు ఎక్కడినుంచో ఊడిపడ్డాడు. నలభై రోజులు తలుపులు మూసి వైద్యం చేశాడు. తలుపులు తెరిచేసరికి అతడు మహామంత్రి. రాకుమారి బంగారు జాలీ తెర వెనకనుంచి బయటికి రావడమే మానేసింది. పట్టం కట్టుకోబోయే వారి ముఖం ఉంగరం చేసే అగసాలి చూడకూడదన్నది పాత నియమం కాబట్టి, కొలత తియ్యడానికి వెళ్లిన పెద్దోజుకు జాలీ సందులోంచి చెయ్యి మాత్రమే అందింది. చూపులేని మనిషికి అదే ఎక్కువ.

పట్టాభిషేకానికి ముందురోజు మధ్యాహ్నం పెద్దోజు ఇంటికి తిరిగి రాలేదు. ఆయన బదులు కాలజంఘుడే వచ్చాడు.

మనిషిని చూడగానే ముఖం కంటే ముందు వేళ్లు చూడటం సింగోజువారి జబ్బు. వీరోజు చూశాడు. మంత్రి వేళ్లు పొడుగ్గా, ఎండిపోయి ఉన్నాయి. చిటికెనవేలు ఆడవారి ఉంగరపువేలంత ఉంటుందేమో. ఆ తర్వాతే అతడి కాళ్లు చూశాడు. మోకాళ్ల కిందినుంచి బొగ్గు నలుపు. నడుస్తుంటే చప్పుడు లేదు.

"నీ తండ్రి మూడో కొలత కావాలన్నాడు," అన్నాడు కాలజంఘుడు, పనిపీట మీద వజ్రాన్నీ రెండు దారాలనూ పెడుతూ. "ఎందుకంటే చెప్పలేదు. ఒకే చేతిని మూడుసార్లు తడమాలనుకునే ముసలివాణ్ణి ఇంటికి పంపడం నాకిష్టం లేదు. రేపు గంట మోగగానే ఉంగరం రాకుమారి వేలికి ఎక్కాలి. ఎక్కిందా, నీ తండ్రి పది వేళ్లతో ఇంటికొస్తాడు. ఎక్కలేదా, వేళ్లు విడిగా వస్తాయి."

వీరోజు చేతులు జోడించాడు. "మా నాయనకు చూపు లేదు ప్రభూ. ఆ వేళ్లే ఆయనకు కళ్లు."

"తెలుసు. అందుకే వాటిని ఎంచుకున్నాను." అతడు గుమ్మందాకా వెళ్లి ఆగాడు. "ఇంకొకటి. వజ్రం వెనకవైపు బంగారం పూర్తిగా మూయాలి. సూదిమొన దూరే సందు కూడా ఉండకూడదు."

అతడు వెళ్తూ వెళ్తూ చెయ్యి విదిలించాడు. అరచేతిలోంచి ఇత్తడి తొండ ఒకటి ఎగిరి దూలానికి అతుక్కుంది. పచ్చగాజు కళ్లు తిప్పుతూ వీరోజునే చూడసాగింది. ఆ కళ్లతో చూసేది ఎవరో అడగక్కర్లేదు.

వీరోజు కుంపటి రాజేశాడు. గీత గీతకూ లావయ్యే ఉంగరాల కర్ర తీసి, పొద్దుటి దారాన్ని దానికి చుట్టాడు. పదకొండో గీత దగ్గర ఆగింది. మధ్యాహ్నపు దారం చుట్టాడు. అదీ పదకొండో గీతే. తుడిచి మళ్లీ చుట్టాడు. వెంట్రుకవాసి తేడా లేదు.

తండ్రి పొరపాటు పడ్డాడా? సూర్యుడు పొరపాటు పడొచ్చు గాని పెద్దోజు దారం పొరపాటు పడదు. బంగారం వెతుకుతున్నట్టు నటిస్తూ టేకుపెట్టె తెరిచాడు. రెండేళ్ల కిందట రాకుమారి ముచ్చటపడి నెమలి ఉంగరం చేయించుకుంది. ఆ దారాలు దొరికాయి. పొద్దుటిది పన్నెండో గీత, మధ్యాహ్నపుది పదమూడు.

అంటే జాలీలోంచి బయటికొచ్చిన చెయ్యి ఎండకు ఉబ్బలేదు, చలికి సన్నబడలేదు. అందులో నెత్తురు లేదు. కాలజంఘుడు రాకుమారి చేతిమీద పుట్టుమచ్చను దించాడు, గోళ్ల గోరింటాకును దించాడు, వేలికి పొద్దూ మధ్యాహ్నం ఉంటాయని మాత్రం అతడికి తెలియలేదు. అగసాలి ఇంట పుట్టనివాడికి ఎలా తెలుస్తుంది?

మరి అసలు రాకుమారి ఎక్కడ?

వీరోజు అలవాటు పనికి దిగాడు. వజ్రాన్ని పెదవుల దగ్గరికి తెచ్చి ఊపిరి ఊదాడు. మేలైన వజ్రం మీద ఆవిరి నిలవదు, రెప్పపాటులో పోతుంది. ఇదీ అలాగే పోయింది. కాని పోయిన మరుక్షణం రాయిమీద మళ్లీ మసక కమ్మింది. వేలితో తుడిచాడు. పోలేదు. ఆ మసక రాయికి బయట లేదు, లోపల ఉంది.

కమ్మింది, విడిపోయింది. మళ్లీ కమ్మింది, విడిపోయింది. లోపల ఎవరో ఊపిరి తీస్తున్నారు.

వీరోజు కేక వేయబోయి పెదవి కొరుక్కున్నాడు. దూలం మీద తొండ మెడ చాచింది. వజ్రాన్ని మళ్లీ పరీక్షిస్తున్నట్టు నోటికి ఆనించి గుసగుసగా అడిగాడు. "ఎవరమ్మా లోపల? నేనడిగేది అవునైతే ఒక్క ఊపిరి, కాదంటే రెండు. తమరు రాకుమారి ఇందుప్రభేనా?"

ఒక్కసారి మసక వచ్చింది. ఆగింది.

"వెనకవైపు మూసేస్తే తమరికి గాలి ఆడుతుందా తల్లీ?"

మసక వచ్చింది. పోయింది. మళ్లీ వచ్చింది.

అతడికి ఏడుపొచ్చింది. పొదిగితే ఈ తల్లి చచ్చిపోతుంది, పొదగకపోతే తండ్రికి వేళ్లుండవు. తిట్లు నోటిదాకా వచ్చాయి గాని తొండకు చెవులున్నాయేమోనని మింగేశాడు. తర్వాత బంగారాన్ని మూసలో వేసి, ఊదుగొట్టం నోట పెట్టి, ఆలోచించడం మానేసి పనిలో పడ్డాడు.

బంగారం కరిగింది. పోతపోశాడు, సాగదీశాడు, వంచాడు. పదకొండో గీతకు కాదు. రాకుమారి మధ్యాహ్నపు దారం చెప్పిన పదమూడో గీతకు, ఆకురాయితో వెంట్రుక వెంట్రుకా అరగదీసి తెచ్చాడు. వజ్రం కూర్చునే గూటి వెనక మూతరేకు మీద ఎనిమిది రేకుల పద్మం చెక్కాడు. ఒక్కొక్క రేకు నీడలో ఒక్కొక్క సూదిబెజ్జం వెయ్యాలి. మొదటి బెజ్జం వేసేందుకు సూది ఎత్తాడో లేదో తొండ దూలం మీదినుంచి దూకింది.

మణికట్టు మీద పడి పట్టుకుంది. ఇత్తడి గోళ్లు నిప్పుకణికల్లా కాలాయి. వీరోజు ఎడమచేత్తో పటకారు అందుకుని దాని నడుము పట్టి లాగాడు. చర్మం దానితోబాటే వచ్చింది. తొండ తోకతో కొట్టి కుంపటిని తిరగేసింది. నిప్పులు గదంతా దొర్లాయి. అతడు చాపమీద దొర్లుతూ, మంటల్ని తొక్కుతూ, గిలగిలలాడే ఆ ఇత్తడి ముద్దను ఉడుకుతున్న లక్కకుండలో ముంచి అదిమిపట్టాడు. నల్లటి పొగ లేచింది. పచ్చకళ్లమీద లక్క కమ్ముకుంది.

"ఇక చూడు నాయనా, ఏం చూస్తావో!" అన్నాడు రొప్పుతూ.

కోటనుంచి గుర్రాలు రావడానికి ఎక్కువసేపు పట్టదని అతడికి తెలుసు. సూది తీశాడు. ఒకటి, రెండు, మూడు. వీధి మొదట్లో డెక్కల చప్పుడు వినిపించింది. నాలుగు, ఐదు, ఆరు. తలుపు మీద బల్లెపు మడమ పడింది. ఏడు. గడియ విరిగింది. ఎనిమిది. వజ్రాన్ని గూట్లో కూర్చోబెట్టి అంచును ఒత్తి తిప్పేసరికి నలుగురు భటులు లోపలికి దూకారు.

"తొండ ఏదిరా?"

"అదిగో, లక్కలో. పాకే జీవాన్ని దూలం మీద పెట్టి కింద కుంపటి రాజేయమంటే దానికి కళ్లు తిరగవూ? కుంపటి మీద పడి నా ఇల్లు తగలబెట్టబోయింది. మంత్రిగారికి చెప్పండి, ఈసారి పంపేదాన్ని కాస్త గట్టిదాన్ని పంపమనండి!"

భటనాయకుడు ఉంగరం వెనక తిప్పి చూశాడు. పద్మం చూసి ముచ్చటపడ్డాడు. రేకుల నీడల్లో ఏముందో అతడికేం తెలుసు?

మరునాడు కోటవాకిట్లో రాతిమనిషి నోట్లో పిచ్చుకలు లేవు. గూడు వదిలి ఎటో ఎగిరిపోయాయి. జనం ఆ ఖాళీ గూడు చూసి గబగబా లోపలికి నడిచారు.

సభామంటపం వెయ్యి దీపాలతో, ముత్యాల తోరణాలతో, పన్నీటి వాసనతో పెళ్లివారిల్లులా ఉంది. అయినా ఎవరి ముఖంలోనూ నెత్తుటిచుక్క లేదు. నడుమ బంగారు జాలీ, దాని పక్కన కాలజంఘుడు, అతడి ముందు చిన్న రాతిపీట. పీట మీద ఉలి ఉంది. పీట వెనక తాళ్లతో కట్టి పెద్దోజును కూర్చోబెట్టారు. ఆయన వేళ్లు పీటమీద పరిచి ఉన్నాయి.

"వచ్చావా వీరా?" అన్నాడు ముసలాయన, అడుగుల చప్పుడు గుర్తుపట్టి. "ఉంగరం బాగా కుదిరిందా?"

"తమరు తీసిన దారాలు చూశాను నాయనా. రెండూ చూశాను."

పెద్దోజు ముఖం తేలికపడింది. అంతకంటే ఆయనకు చెప్పక్కర్లేదు.

గంట మోగింది. ఏడుగురు నాయకులు మోకరిల్లారు. అందరికంటే పెద్దవాడైన ప్రోలనాయకుడు ప్రమాణం పలికాడు, మిగిలిన ఆరుగురూ అతడి వెంట పలికారు. కాలజంఘుడు ఉంగరాన్ని వెలుగులో తిప్పి, వెనక పద్మాన్ని గోటితో గీరి చూశాడు. మంత్రి తలాడించి ఇచ్చేశాడు.

జాలీలోంచి తెల్లని చెయ్యి బయటికొచ్చింది. వీరోజు ఉంగరం తొడిగాడు. ఆ వేలు చల్లగా ఉంది. కణుపు దగ్గర చర్మానికి ముడతలే లేవు. ఉంగరం ఏ అడ్డూ లేకుండా వేలి మొదలుదాకా వెళ్లి కూర్చుంది.

"ఎక్కింది!" అన్నాడు కాలజంఘుడు. "మాటంటే మాటే. ముసలివాణ్ణి విప్పండి."

తాళ్లు ఊడాయి. వీరోజు ఊపిరి పీల్చుకోలేదు. ఇంకా ఒక తంతు మిగిలి ఉంది. మణిశిలలో కొత్త ప్రభువు మొదటి పని ధారపోయడం. వేళ్లు కిందికి వంచి పుడిసెడు నీళ్లు నేలకు వదలాలి. పురోహితుడు బంగారు చెంబు వంచాడు. తెల్లని చెయ్యి కిందికి వంగింది. నీళ్లు వేలిమీదుగా జారాయి, నీళ్లతోబాటు ఉంగరమూ జారింది.

రాతినేల మీద ఖంగుమంది. దొర్లిపోయింది.

ప్రోలనాయకుడు పిడుగులా అరిచాడు. "ఉంగరం నిలవలేదు!"

"ఎలా నిలుస్తుంది నాయకా?" పెద్దోజు లేచి నిలబడ్డాడు. "పొద్దున కొలిచాను, మధ్యాహ్నం కొలిచాను. పొద్దెక్కినా ఉబ్బని వేలు అది. నా చేత్తో యాభై ఏళ్లుగా వేళ్లు తడుముతున్నాను, శవం వేలు కూడా అంత మొండిగా ఉండదు. ఆ జాలీ పగలగొట్టండి!"

ప్రోలనాయకుడు గదతో ఒక్క పెట్టు పెట్టాడు. బంగారు జాలీ చీలిపోయింది. లోపల పట్టుచీరలో, పూలజడతో, ఇందుప్రభ ముఖంతో, పాలరాతి బొమ్మ కూర్చుని ఉంది. చాచిన చెయ్యి ఇంకా నీళ్లు కారుస్తూనే ఉంది. ఆడవాళ్లు కెవ్వుమన్నారు. సభంతా బొమ్మవైపు తోసుకొచ్చింది. వీరోజు కూడా అటే చూశాడు. అదే అతడు చేసిన తప్పు.

ఉంగరాన్ని చూస్తున్నవాడు ఒక్కడే. అది దొర్లి దొర్లి అతడి నల్లని పాదం దగ్గరే ఆగింది. కాలజంఘుడు వంగాడు, తీశాడు, చిటికెనవేలికి పెట్టుకుని గట్టిగా మెలితిప్పుతూ తోశాడు. కణుపు దాటి కూర్చుంది. అప్పుడు చెయ్యి పైకెత్తాడు.

"నాయకులారా! ఏమని ప్రమాణం చేశారు? ఎవరి వేలిన నిలుస్తుందో?"

ప్రోలనాయకుడు కత్తి దూసి ఒక్క అడుగు వేశాడు. ఆ అడుగు నేలను తాకగానే పాదం నల్లబడింది. నలుపు చీలమండదాకా పాకింది. అంతటి వీరుడూ రాయి అవుతున్న తన కాలును చూసుకుని, కత్తి వదిలేసి, పసివాడిలా ఏడుస్తూ మోకరిల్లాడు. నలుపు అక్కడితో ఆగింది. మిగిలిన ఆరుగురూ తలలు వంచారు.

"తెరచాటున ఉండి ఏలుకుందామనుకున్నాను," అన్నాడు కాలజంఘుడు మెల్లగా. "మీరే నన్ను బయటికి లాగారు. మంచిదే." వీరోజువైపు తిరిగాడు. "నీ చేతులు నాకు కావాలి. ఇంకా చాలా ఉంగరాలు చేయించాలి. అందుకని నీవి ఉంచుతాను. ముసలివాడివి మాత్రం రేపు సూర్యోదయానికి, నీ కళ్లముందే. ఇవాళ నా పట్టాభిషేకం, నెత్తురు చిందితే అశుభం. తెల్లవారగానే ఇద్దర్నీ నా ముందు నిలబెట్టండి. ఆ పీటమీద నా చేత్తోనే ఉలి పడుతుంది."

భటులు పెద్దోజును రెక్కపట్టి లాక్కుపోతుంటే వీరోజు వెళ్లి కాళ్లు చుట్టుకున్నాడు. "నాయనా, నావల్లే! వదులుగా చేసింది నేను. నా చేతులతోనే రాజ్యాన్ని తీసుకెళ్లి వాడికి తొడిగాను. ఆ తల్లి ఆ వజ్రంలోనే ఉంది, ఊపిరితో ఉంది. ఆమెను కూడా వాడి వేలికే పెట్టాను."

ముసలాయన వంగి కొడుకు తల తడిమాడు. ఆ పది వేళ్లూ వణకడం లేదు.

"ఏడవకు. చెప్పు. ఏ వేలికి పెట్టుకున్నాడు?"

"చిటికెనవేలికి."

"సులువుగా ఎక్కిందా?"

"లేదు నాయనా. మెలితిప్పి తోశాడు. కణుపు దగ్గర పట్టింది."

"పొద్దు ఎక్కడుంది?"

వీరోజు పైకి చూశాడు. గవాక్షంలోంచి ఎండ నిట్టనిలువుగా దిగుతోంది. "నడినెత్తి మీద."

"అయితే వాడికి మనం తీసింది మధ్యాహ్నపు దారమే," అన్నాడు పెద్దోజు. "పొద్దుటి దారం ఇంకా తియ్యలేదు."

భటులు ఆయన్ని ఈడ్చుకుపోయారు. వీరోజు ఏడుపు ఆగిపోయింది. దూరంగా కాలజంఘుడు జనానికి చూపిస్తూ చెయ్యి ఎత్తిపట్టాడు. ఆ వేలిమీద శుక్రతార ధగధగలాడుతోంది. వీరోజు చూస్తుండగా రాయిలో మసక కమ్మి, విడిపోయి, మళ్లీ రాకుండా ఆగింది. ఒక్క ఊపిరి, అవునని.